కాలేజీ పిల్లాడికి హెల్త్ ఇన్సూరెన్స్: మన ఫ్లోటర్లోనా, విడిగానా?

పటమట_నాన్న: మావాడికి 19 నిండాయి. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్, హాస్టల్లో ఉంటాడు. నాకూ మా ఆవిడకీ కలిపి 5 లక్షల ఫ్లోటర్, అంటే ఇంట్లోవాళ్లంతా ఒకే మొత్తాన్ని పంచుకునే పాలసీ ఉంది. వాణ్ణి అందులో చేర్చాలా, వాడి పేరున విడిగా తీయాలా? మా బావే ఏజెంటు, ఫారం ఇచ్చి వెళ్లాడు. రెన్యువల్ వచ్చే నెల.

బెంజిసర్కిల్_బుజ్జి: ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఉందిగా అన్నా?

పటమట_నాన్న: తెల్లకార్డు లేదు తమ్ముడూ.

బ్రాడీపేట_మాస్టారు: విడిగా తీయండి. ఫ్లోటర్లో పిల్లల్ని చాలా కంపెనీలు 25 ఏళ్ల దాకానే ఉంచుతాయి. పైగా మీ ఇద్దరిలో ఒకరు ఆసుపత్రిలో పడితే ఆ 5 లక్షల్లోంచే పోతుంది, వాడికి మిగిలేదెంత? 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. ఒక్కటి మాత్రం చూడండి, గది అద్దె పరిమితి. పాలసీ మొత్తంలో 1 శాతం అని ఉంటే, 5 లక్షలకి రోజుకి 5,000. మీరు 8,000 గదిలో చేరారనుకోండి, పోయేది ఆ 3,000 ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు కూడా అదే లెక్కన కోస్తారు.

గుణదల_రమణి: 19 ఏళ్ల పిల్లాడు 8,000 గదిలో ఎందుకు చేరతాడండీ? ఫ్లోటర్లో చేర్చేయండి, చవక. 25 దాటాక విడిగా మార్చుకుంటే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం) కలిసొస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు: విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకి అర్ధరాత్రి వెళ్లి చూడండమ్మా. ఏ గది ఖాళీగా ఉంటే అదే ఇస్తారు.

గుణదల_రమణి: మళ్లీ గది అద్దే! మాస్టారూ, మీకు కమీషన్ ఏమైనా వస్తుందా?

బ్రాడీపేట_మాస్టారు: ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పుకు బతికినవాణ్ణి. ఏజెంటు చేతిలో మునిగినవాణ్ణి కూడా. జబ్బుల గడులన్నిటిలో ‘లేదు’ అని ఆయనే టిక్కులు పెట్టాడు, నేను సంతకం పెట్టా. రెండేళ్లకి మా ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. డ్యూటీ డాక్టరు అడిగితే చిన్నప్పటి నుంచి ఉబ్బసమని తనే చెప్పింది. కేసుషీటులో ఆ ఒక్క ముక్క చాలింది వాళ్లకి. క్లెయిమ్ కొట్టేశారు, పాలసీ రద్దు చేశారు. లక్షా నలభై వేలు నా జేబులోంచి పోయాయి.

కొత్తపేట_కుర్రాడు: ఫారం ఎవరు నింపినా సంతకం మనదే సార్.

పటమట_నాన్న: అసలు సంగతి చెప్తా, తిట్టకండి. మావాడు ఇన్హేలర్ వాడతాడు. సీజన్లో మిర్చి యార్డు పక్క నుంచి బస్సు వెళ్తే చాలు, పిల్లికూతలు మొదలు. బావేమో ‘అది రాయకు, ఐదేళ్లు గడిస్తే ఎవరూ అడగరు’ అంటున్నాడు.

బ్రాడీపేట_మాస్టారు: అదీ సంగతి! ఫ్లోటరా విడిగానా అని పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నాం, ఎందులో చేర్చినా ఆరోగ్యం గడి నింపాల్సిందే. పాలసీ ఇన్నేళ్లు నడిస్తే దాచిన జబ్బు పేరు చెప్పి క్లెయిమ్ కొట్టేయకూడదన్న గడువుని 2024లో ఎనిమిదేళ్ల నుంచి ఐదుకి తగ్గించిన మాట నిజమే. కానీ మోసమని తేలితే ఆ ఐదేళ్లూ అక్కరకు రావు. అదే రాసిస్తే, పాత జబ్బుకి ఎక్కువలో ఎక్కువ 36 నెలలు ఆగాలి. మూడేళ్లు ఆగలేక ఐదేళ్లు భయపడతారా?

గుణదల_రమణి: పాలసీ ఇస్తే కదండీ ఆగడం! నేను నిజమే రాశా. మా అమ్మాయికి ఏడో క్లాసులో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయని. ఇవ్వమన్నారు. ఇంకో కంపెనీకి వెళ్తే ఫారంలో ‘గతంలో ఎవరైనా తిరస్కరించారా’ అని ఒక గడి. అదీ నిజమే రాశా. వాళ్లూ ఇవ్వలేదు. అబద్ధం ఆడితే మీకు లక్షా నలభై వేలు పోయింది. నిజం చెప్పిన నాకేం ఒరిగింది?

బ్రాడీపేట_మాస్టారు: ఉబ్బసానికి ప్రీమియం కాస్త పెంచి ఇచ్చేవాళ్లున్నారమ్మా. ఫిట్స్ వేరు.

గుణదల_రమణి: వేరే. అందుకే మీకు నోరు తేలిగ్గా వస్తోంది.

బెంజిసర్కిల్_బుజ్జి: ఆ బావగారిని కూడా ఇక్కడికి పిలవండి.

పటమట_నాన్న: ఇందాక మావాడికి ఫోన్ చేశా. ‘హాస్టల్ ఫారంలో ఆస్తమా అని రాసే చేరా కదా నాన్నా, కింద సంతకం నీదే’ అన్నాడు. నాకు గుర్తే లేదు. ఇన్సూరెన్స్ ఫారంలోనూ ఆస్తమా అని నేనే రాసి బావకి ఇచ్చేశా. ముఖం మాడ్చుకుని తీసుకెళ్లాడు.

గుణదల_రమణి: వాళ్లు ఇస్తే కంపెనీ పేరు ఇక్కడ పెట్టండి. మా అమ్మాయికి మళ్లీ అడిగి చూస్తా.