కాళ్ళకూ ఇంటికీ వెనిగర్: ఎక్కడ పనిచేసింది, ఎక్కడ దెబ్బతీసింది

సరోజ_పటాన్‌చెరు
అందరికీ నమస్కారం. మా ఆయన ఫ్యాక్టరీలో పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. అంతసేపూ సేఫ్టీ షూ విప్పడానికి ఉండదు. ఇంటికొచ్చి విప్పితే ఆ వాసనకి పిల్లలు పక్కగదిలోకి వెళ్ళిపోతున్నారు. ఆయన మొహం చిన్నబోతోంది. చూడలేకపోతున్నాను. అరికాళ్ళు నీళ్ళలో నానినట్టు తెల్లగా అయ్యి, సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడ్డాయి. దురద మాత్రం లేదు. పక్కింటి అక్క వెనిగర్ నీళ్ళలో కాళ్ళు పెట్టమంది. సీసా తెచ్చాను గానీ ఎంత కలపాలో, ఎంతసేపు ఉంచాలో తెలియక ఇంకా మూత తియ్యలేదు. వాడినవాళ్ళు చెప్పండి.

ఇంకొకటి. మాది బోరు నీళ్ళు. కుళాయిల మీద, బకెట్ల మీద సున్నం గట్టిగా పేరుకుపోయింది. మిగిలిన వెనిగర్ దానికి పనికొస్తుందా?

స్టీరింగ్_అన్న
చెల్లెమ్మా, నేను బస్సు నడుపుతాను. ఎండాకాలం ఇంజిన్ వేడికి షూలో కాళ్ళు ఉడికిపోతాయి. మీ ఆయన బాధ నాకు తెలుసు. నేను చేసింది చెప్తాను.

ఒక గ్లాసు వెనిగర్‌కి రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు. పాదాలు మునిగేంత టబ్బులో అదే లెక్కన. పది పదిహేను నిమిషాలు, అంతే. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి, పాత నూలు బట్టతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడవాలి. ఆ తుడవడమే అసలు పని. నేను మొదట్లో అది చెయ్యలేదు, అందుకే పదిరోజులైనా తేడా కనిపించలేదు. రోజూ వారంపాటు చేసి, తర్వాత వారానికి రెండుసార్లకు తగ్గించాను. రోజూ అలాగే చేస్తూ పోతే చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది.

వాసన చెమటది కాదు, చెమటని తినే క్రిములది. షూలో తడి ఉన్నంతకాలం అవి పెరుగుతూనే ఉంటాయి. అందుకని రెండు జతల షూ పెట్టుకుని రోజు విడిచి రోజు మార్చుతున్నాను. విప్పిన జత లోపలి అట్ట బయటికి తీసి ఎండలో పెడతాను. నైలాన్ సాక్స్ మానేశాను. ఈ నాలుగు పనులు లేకుండా వెనిగర్ ఒక్కటే పోస్తే ఫలితం నిలవదు.

ఓపీ_నర్సమ్మ
సరోజగారూ, నేను చర్మవ్యాధుల ఓపీలో పనిచేస్తాను. మీరు చెప్పిన లక్షణాలు, అంటే గుంటలు, వాసన, దురద లేకపోవడం చూస్తే ఫంగస్‌లా లేదు. షూలో తడి పాదానికి బాక్టీరియా వల్ల ఇలా వస్తుంది, పిటెడ్ కెరటోలైసిస్ అంటారు. పూతమందుతో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఒక్కసారి డాక్టర్‌కి చూపించండి, పెద్ద ఖర్చేం కాదు. వెనిగర్ నీళ్ళు దానికి తోడుగా వాడుకోవచ్చు. ఆ పులుపులో క్రిములు సరిగ్గా పెరగలేవు, వాసన తగ్గుతుంది.

వేళ్ళ సందుల్లో దురద, తెల్లగా పొర లేవడం ఉంటే అది వేరు, అది ఎక్కువగా ఫంగస్. దానికి వెనిగర్‌ని నమ్ముకుని నెలలు గడపకండి. గోరు పసుపుపచ్చగా మారి మందమైతే అసలే లాభం లేదు, వెనిగర్ గోరులోపలికి దిగదు. పైగా కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది.

మందుల షాపులో "తామరకి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే క్రీముల గురించి ఇక్కడే చెప్పాలి. చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లు చూడండి. రెండురోజుల్లో దురద పోయినట్టుంటుంది, ఆపగానే ఇంకా ఎక్కువగా పాకుతుంది. మన దేశంలో తామర ఇంత మొండిగా తయారవడానికి అదొక పెద్ద కారణం. మా ఓపీకి ఇలా ముదిరి వచ్చేవాళ్ళని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

మడమ_పగుళ్ళు
నాకు పగుళ్ళు. రక్తం వచ్చేంత లోతుగా ఉన్నాయి. వెనిగర్‌లో కాళ్ళు పెట్టగానే కారం రాసినట్టు మండింది, రెండు నిమిషాలు కూడా ఉంచలేకపోయాను. ఇంకా నీళ్ళు కలిపితే పెట్టొచ్చా?

ఓపీ_నర్సమ్మ
వద్దమ్మా. తెగిన చర్మం మీద ఎంత పల్చన చేసినా వద్దు. పగుళ్ళకి కావలసింది నూనె, తడి ఆరకుండా ఉండటం. రాత్రి గోరువెచ్చని మామూలు నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, తుడిచి, వాజెలీనో ఆముదమో పట్టించి నూలు సాక్స్ వేసుకుని పడుకోండి. ఆనెకాయల మీద వెనిగర్ దూది పెట్టి కట్టు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు, అది అసలు చెయ్యకండి. కట్టుకింద చర్మం కాలుతుంది.

పాలమూరు_శ్రీను
ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నా. మా నాన్నకి పద్దెనిమిదేళ్ళుగా షుగర్. అరికాళ్ళు తిమ్మిర్లెక్కి స్పర్శ తెలియదు. వాట్సాప్‌లో ఎవరో పంపారని, ఎవరికీ చెప్పకుండా వేడినీళ్ళలో సగానికి సగం వెనిగర్ పోసుకుని అరగంట కూర్చున్నాడు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో ఆయనకి తెలియలేదు, మంట కూడా తెలియలేదు. మర్నాడు వేళ్ళ మీద చర్మం పొర ఊడి వచ్చింది. చిటికెనవేలి దగ్గర పుండు పడింది. రెండు నెలలు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి తిప్పాం. వేలు తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నారు ఒక దశలో. ఆ రోజు అమ్మ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడిపోయింది. చివరికి వేలు దక్కింది.

డాక్టరు మాకు చెప్పింది ఇది: షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళు నానబెట్టకూడదు, వెనిగరే కాదు, మామూలు నీళ్ళలో కూడా. కడుక్కోవాలి, వెంటనే తుడుచుకోవాలి, రోజూ ఒకసారి అరికాలు అద్దంలో చూసుకోవాలి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే దయచేసి ఈ మాట చదివి వినిపించండి.

సరోజ_పటాన్‌చెరు
శ్రీను తమ్ముడూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా మామయ్యగారికీ షుగర్ ఉంది. కొడుకు చేస్తుంటే చూసి ఆయనా మొదలుపెట్టేవారేమో. ఇవాళే చెప్తాను.

బేతంచెర్ల_కోడలు
సరోజా, కుళాయిలకి వాడు గానీ నేల మీద మాత్రం పడనివ్వకు. మీ ఇంట్లో ఏం బండలు?

మా ఇంట్లో పాలిష్ పట్టిన నాపరాళ్ళు. అత్తయ్యగారు గృహప్రవేశానికి ఇష్టపడి వేయించుకున్నవి, అద్దంలా ఉండేవి. బకెట్టు నీళ్ళలో కప్పు వెనిగర్ పోసి తుడిస్తే నేల మెరుస్తుందని ఎక్కడో చదివి నెలరోజులు తుడిచాను. మెరుపు రోజురోజుకీ తగ్గుతుంటే సరిగ్గా తుడవట్లేదనుకుని ఇంకాస్త ఎక్కువ పోశాను. వంటింటి గట్టు నల్ల కడప బండ. దాని మీద వెనిగర్ సీసా పెట్టిన చోట గుండ్రటి తెల్ల మచ్చ పడింది, ఎంత తోమినా పోలేదు. మేస్త్రీని పిలిస్తే ఆయన ఏం మాట్లాడకుండా ఒక నిమ్మచెక్క తెమ్మని మూలన పిండాడు. సన్నగా నురగ లేచింది. "ఇది సున్నపురాయమ్మా, పులుపు తగిలితే తినేస్తది" అన్నాడు. మళ్ళీ మిషన్ పెట్టి పాలిష్ పట్టించాల్సి వచ్చింది. అత్తయ్య ఒక్కమాట అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ.

కుళాయి మీద పేరుకున్నదీ, ఈ బండలో ఉన్నదీ ఒకటే, కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌కి రెండిటికీ తేడా తెలియదు. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలు, కడప బండలు, మార్బుల్ అన్నీ ఇంతే. పాతిళ్ళలోని మొజాయిక్‌లోనూ మార్బుల్ ముక్కలుంటాయి. గ్రానైట్ వేరే రాయి, దాని మీద నురగ రాదు, అయినా పాలిష్ పూత పాడవుతుందేమోనని నేను దానికీ వాడను. మన తెలుగిళ్ళలో చాలాచోట్ల ఈ బండలే కనిపిస్తాయి కదా, మరి ఈ చిట్కాలు చెప్పేవాళ్ళు ఆ మాట ఎందుకు చెప్పరో.

రవి_డల్లాస్
బేతంచెర్ల వదినగారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ మా బాత్రూమ్ గట్టు మార్బుల్, నేనూ ఒక మచ్చ చేశాను.

కుళాయిలకి నా పద్ధతి: పాత నూలుగుడ్డ వెనిగర్‌లో తడిపి కుళాయి చుట్టూ చుట్టి, కింద నేల మీద పడకుండా ప్లాస్టిక్ మగ్గు పెట్టి అరగంట వదిలెయ్యండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేస్తే చాలు. షవర్ అయితే పాలిథిన్ కవర్‌లో వెనిగర్ పోసి షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి, గంటలో రంధ్రాలు తెరుచుకుంటాయి. రాత్రంతా ఉంచకండి, బంగారు రంగు పూత, ఇత్తడి పూత ఉన్నవి రంగు పోతాయి. ఎలక్ట్రిక్ కెటిల్‌కి వెనిగర్, నీళ్ళు సగం సగం పోసి మరిగించి, స్విచ్ ఆపి ఇరవై నిమిషాలు ఉంచి పారబోసి, రెండుసార్లు మంచినీళ్ళు మరిగించి పారబోస్తే చాలు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. దుకాణంలో 5 శాతం మామూలు తెల్ల వెనిగర్, 6 శాతం క్లీనింగ్ వెనిగర్, కలుపు చంపడానికి అమ్మే 20, 30 శాతం వెనిగర్ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ మూడోది కాళ్ళకి కాదు గదా చేతికి కూడా తగలకూడదు.

చార్మినార్_చాయ్
మా నానమ్మ దీన్ని సిర్కా అనేది. ఉల్లిపాయలు ఊరేయడానికి ఒక సీసా ఎప్పుడూ ఉండేది. మన దగ్గర కిరాణాకొట్టులో దొరికే తెల్ల వెనిగర్‌లో చాలావరకు సింథటిక్. ఎసిటిక్ యాసిడ్‌కి నీళ్ళు కలిపి చేసింది అని సీసా మీదే రాసి ఉంటుంది. సున్నం వదిలించడానికి, కాళ్ళకి అదే చాలు, యాపిల్ సైడర్ వెనిగర్ కొని డబ్బులు పోసుకోనక్కర్లేదు. కానీ చవగ్గా వస్తుందని కెమికల్ షాపులో గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చి ఇంట్లో కలుపుకోకండి. అది దాదాపు అచ్చమైన యాసిడ్, ఒక చుక్క పడితే బొబ్బ లేస్తుంది.

నీలవేణి_విజయవాడ
బ్లీచింగ్ పౌడర్ గురించి ఎవరూ చెప్పలేదే! బాత్రూమ్‌లో బ్లీచింగ్ చల్లి, సున్నం పోలేదని దాని మీదే వెనిగర్ పోశాను. పచ్చటి ఘాటు, కళ్ళు మంట, ఊపిరి అందలేదు. తలుపు వేసి ఉంది. ఎలాగో బయటపడి గంటసేపు దగ్గుతూనే ఉన్నాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. సీసాల్లో వచ్చే బ్లీచ్ అయినా అంతే. రెండూ ఒక గూట్లో కూడా పెట్టకండి.

కెమిస్ట్రీ_టీచర్
నీలవేణిగారు చెప్పినదానికి చేర్పు. వంటసోడా, వెనిగర్ కలిపి వాడమని కూడా చాలామంది చెప్తారు. బుసబుసా పొంగుతుంది కాబట్టి గట్టిగా పనిచేస్తోందనిపిస్తుంది. నిజానికి ఆ పొంగులో రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది కాస్త ఉప్పునీళ్ళ లాంటిదే. జిడ్డుకి సోడా విడిగా, సున్నానికి వెనిగర్ విడిగా. అలాగే వెనిగర్‌తో తుడిస్తే క్రిములన్నీ పోతాయనుకోవద్దు, అంత బలం దానికి లేదు.

గోదారి_చేపలపులుసు
వంటింట్లో నా అనుభవం. చేపలు కడిగాక చేతులకి, కత్తిపీటకి, సింకుకి పట్టే నీచు వాసనకి చెంచాడు వెనిగర్ చాలు. చింతపండు, నిమ్మ చేసే పనే ఇది, నీచు వాసన పుట్టించే పదార్థాన్ని పులుపు కట్టేస్తుంది. తుప్పుపట్టిన ఇనప దోసె పెనాన్ని వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి అరగంట నానబెట్టి, పీచుతో తోమి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాశాను, కొత్తదిలా ఉంది. ఎక్కువసేపు ఉంచితే ఇనుము కూడా తినేస్తుంది. అల్యూమినియం గిన్నెలకి వద్దు. ఇత్తడి, రాగి సామానుకి మాత్రం నేను చింతపండే వాడతాను. మా అమ్మ అలాగే తోమేది, దేవుడి సామాను ఆ వాసనతోనే నాకు గుర్తు.

సరోజ_పటాన్‌చెరు
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏమీ అనుకోకండి. నర్సమ్మగారు చెప్పినట్టు చర్మం డాక్టర్‌కి చూపించాం. చూడగానే అదే పేరు చెప్పారు. రోజుకి రెండుసార్లు రాసే పూతమందు ఇచ్చారు. దాంతోపాటు స్టీరింగ్ అన్న లెక్కన వెనిగర్ నీళ్ళు మొదటి వారం రోజూ, ఇప్పుడు ఆదివారం, బుధవారం. గుంటలు దాదాపు పూడిపోయాయి. రెండో జత షూ కోసం ఫ్యాక్టరీలో అడిగారు, ఇచ్చారు. నిన్న షిఫ్టు నుంచి వచ్చి వాకిట్లో షూ విప్పుతుంటే చిన్నది వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది.

కుళాయిలు తళతళలాడుతున్నాయి. కింద మగ్గు పెట్టే చేశాను, మాదీ తాండూరు బండలే. మామయ్యగారికి అద్దం తెచ్చి ఇచ్చాం, రోజూ పొద్దున అరికాళ్ళు చూసుకుంటున్నారు. ఒక సందేహం మిగిలింది. సాక్స్ ఉతికాక చివరి జాడింపులో అరకప్పు వెనిగర్ వేస్తున్నాను, వాసన బాగా తగ్గింది. వాషింగ్ మిషన్‌లో కూడా అలా వెయ్యొచ్చా?

స్టీరింగ్_అన్న
చాలా సంతోషం చెల్లెమ్మా. మిషన్‌లో రోజూ వద్దు, తలుపు దగ్గరి రబ్బరు పాడవుతుంది. సాక్స్ బకెట్లోనే జాడించు.