చిత్తూరులో మద్యం మానినవారి సహాయక బృందం ఎక్కడ దొరుకుతుంది?

గ్రీంస్‌పేట నివాసి (ప్రశ్న):

మా తమ్ముడు ఇటీవల ఆసుపత్రిలో చేరి, వైద్యుల పర్యవేక్షణలో మద్యం మానాడు. ఇంటికి పంపేటప్పుడు వైద్యులు మాత్రలు రాసిచ్చి, తాగుడు మానినవారు కలుసుకునే బృందంలో చేరితే నిలదొక్కుకోవడం సులభమవుతుందని చెప్పారు. అటువంటి బృందం చిత్తూరులోనే ఉందా, తిరుపతికి వెళ్ళాలా అన్నది మాత్రం మాకు తెలియలేదు. అతడు సరుకుల వ్యాను నడుపుతాడు. ఇంగ్లీషు రాదు, తెలుగు, తమిళం రెండూ మాట్లాడతాడు. అక్కడ తెలిసినవారెవరైనా కనిపిస్తే పరువు పోతుందని అతని భయం. ఏటా అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన వారంలోపే మళ్ళీ మొదలుపెట్టేవాడు కనుక, ఈసారీ అంతేనేమోనని మా అమ్మ దిగులు పెట్టుకుంది.

బైరాగిపట్టెడ, తిరుపతి (సమాధానం):

అమ్మా, మీరడిగినటువంటి బృందాలు నడిపే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో నేను సభ్యుణ్ణి. ఏఏ అని పిలుచుకుంటాము. బృందాలు కూడే చోటు, వేళ మారుతూ ఉంటాయి కనుక ఇక్కడ చిరునామా రాయడం నాకు ఇష్టం లేదు. పాత చిరునామా పట్టుకొని వెళ్ళి, తాళం వేసిన గది చూసి తిరిగివచ్చినవాడు రెండోసారి బయలుదేరడం కష్టం. ఏఏ భారతదేశ వెబ్‌సైట్‌లో ఉన్న సహాయవాణికి ఫోన్ చేసి, మీ ఊరికి దగ్గరలో తెలుగులో జరిగే సమావేశం ఏదో అడగండి. వివరాలు మీరు కనుక్కోవచ్చు గానీ, వస్తానన్న మాట మాత్రం మీ తమ్ముడి నోట రావాలి. మద్యం మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. ఆ కోరిక ఇంటివాళ్ళది అయితే సరిపోదు. రుసుము లేదు, చివర్లో తిప్పే సంచిలో ఇష్టమున్నవారు ఏదైనా వేస్తారు.

పరువు గురించి అతడు పడే భయం నాకు అర్థమవుతుంది. అయితే అక్కడ ఎదురుపడే తెలిసినవాడు కూడా అదే పని మీద వచ్చినవాడే కదా! ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు; విన్నది బయట చెప్పకూడదన్నది మాలో గట్టి కట్టుబాటు. మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చొని వినవచ్చు. కొన్నిచోట్ల చర్చి హాలులోనో, బడి గదిలోనో కూడుతుంటారు కనుక ఇదేదో మతానికి సంబంధించినదని అనుకునేవారున్నారు. అది నిజం కాదు. తాగుడు మానడానికి మేము అనుసరించే 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉన్న మాట నిజమే గానీ, ఎవరికి అర్థమైన దేవుడు వారికే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటూ ఉంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించడంతో ఇది మొదలైంది. ఇప్పటికీ మా సమావేశంలో జరిగేది అంతే.

మానసిక వైద్య విభాగం నర్సు (సమాధానం):

పై సభ్యుడు చెప్పినదానికి వైద్యపరంగా కొంత చేర్చాలి. బృందం మందులకు బదులు కాదు, మందులు బృందానికి బదులు కావు. మీ తమ్ముడు మళ్ళీ కొన్నాళ్ళు ఎక్కువగా తాగి, మాల కోసమో, ఒట్టు కోసమో ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలై, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు; రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. అది ప్రాణాంతకం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఇంకొక సంగతి కొంచెం కటువుగానే చెబుతాను. తాగుడు మాన్పిస్తామని అమ్మే పొడులను, నాటుమందులను, డైసల్ఫిరామ్ మాత్రలను అతనికి తెలియకుండా సాంబారులో కలపవద్దు. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే గుండెదడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోవచ్చు. రోగికి చెప్పి, అతని అంగీకారంతో మాత్రమే ఇవ్వవలసిన మందు అది. సందేహాలుంటే మత్తు విముక్తి జాతీయ సహాయవాణి 14446కు, నిద్రలేమి, దిగులు వంటివాటికి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, రెండూ ఉచితమే.

కొంగారెడ్డిపల్లె గృహిణి (సమాధానం):

అక్కగారూ, మీ అమ్మగారి గురించి ఎవరూ రాయలేదు. తాగేవారి కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది, 1951 నుంచి పనిచేస్తోంది. నేను మొదట ఆన్‌లైన్ సమావేశంలోనే చేరాను. జేబులు వెతకడం, నోరు వాసన చూడడం, సీసాలు పారబోయడం మానుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది గానీ, అవి మానిన తరువాతే ఇంట్లో అరుపులు తగ్గాయి. మాల విషయానికి వస్తే, ఆ 41 రోజుల్లో అతనికి గురుస్వామి ఉన్నాడు, వేకువనే స్నానం, భజన, తోటి స్వాములు ఉన్నారు. మాల తీసిన మరునాడు అవేవీ లేవు, సాయంత్రం ఆరు గంటలకు ఏం చేయాలో తెలియదు. ఆ వేళకు వెళ్ళడానికి ఒక చోటు, మాట్లాడడానికి ఒక మనిషి కావాలి. తమిళం వచ్చినవాడు కనుక వేలూరు కూడా అడిగి చూడండి, చిత్తూరు నుంచి బస్సులో దగ్గరే. అక్కడ బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వారి మానసిక ఆరోగ్య కేంద్రం కూడా ఉంది.

గ్రీంస్‌పేట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. సాంబారు మాట చదివి అమ్మ కాసేపు ఏమీ అనలేదు. పక్కింటివారు ఇచ్చిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. తమ్ముడు ఆదివారం లోడుకు వెళ్ళడు కనుక ఆ రోజు తానే ఫోన్ చేస్తానన్నాడు. బైరాగిపట్టెడ వారిని ఒక్క మాట అడుగుతాను: మొదటిసారి నేను కూడా వెంట వచ్చి లోపల కూర్చోవచ్చా?

బైరాగిపట్టెడ, తిరుపతి:

బహిరంగ సమావేశమైతే నిరభ్యంతరంగా కూర్చోవచ్చు. మూసిన సమావేశమైతే లోపలికి అతడొక్కడే రావాలి. ఫోన్ చేసినప్పుడు ఆ రోజు జరిగేది ఏదో అడగమనండి. ఒంటరిగా రావడానికి సంకోచిస్తే, గది దాకా తోడు రావడానికి ఒక సభ్యుణ్ణి పంపగలరేమో కూడా అడగవచ్చు.