'నాగరిక్ సురక్ష' అంటే మీకేం అర్థమైంది?

పోయిన నెల మా బాబాయికి స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. పొలం గట్టు తగాదా, అవతలివాళ్లు కేసు పెట్టారు. కాగితం నెత్తిన 'భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 35(3)' అని ఉంది. పిన్ని అది చదివి "సురక్ష అంటున్నారుగా, మనకేదో రక్షణ ఇస్తారేమోలే" అందట. దాంతో ఈయన టెన్షన్ తగ్గిపోయి ఆ కాగితాన్ని టీవీ వెనక దోపేశాడు. రెండు రోజులాగి వాట్సాప్‌లో ఫొటో పంపితే చూసి నాకు గుండె ఆగినంత పనైంది. "బాబాయ్, ఇది స్టేషన్‌కి విచారణకు రమ్మనే పాత 41ఏ నోటీసు, రమ్మన్న రోజు వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు" అన్నాను. 41ఏ అనగానే ఇంకేం వివరం అడగలేదాయన, చొక్కా వేసుకున్నాడు.

2024 జూలై 1న సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) పోయి దాని చోట్లో వచ్చిన చట్టం ఇది. మొత్తం 531 సెక్షన్లు. అరెస్టు, రిమాండు, బెయిలు, ఛార్జిషీటు, కోర్టులో విచారణ, ఇవన్నీ ఎలా జరగాలో చెప్పేది ఇదే. పేరులో ఆ వాసనే లేదు. పాత పేరులో కనీసం 'క్రిమినల్' అనే మాటైనా ఉండేది, చూసినవాడు జాగ్రత్తపడేవాడు.

తెలుగువాళ్లకి దీని మీద ఇంకో చిక్కు. హిందీలో నాగరిక్ అంటే పౌరుడు. మనకేమో నాగరికుడంటే మర్యాద తెలిసినవాడు, నాలుగు ఊళ్లు తిరిగినవాడు. ఆ లెక్కన ఇది మర్యాదస్తుల భద్రతా చట్టం అవుతుంది! ఇక సంహిత అంటే నాకు చరక సంహిత తప్ప ఇంకోటి గుర్తురాదు. పూర్తిగా తెలియని ఇంగ్లీషు పేరైతే ఎవరినో ఒకర్ని అడుగుతాం, ఇలా సగం మన మాటలాగే ఉన్నదాన్ని మాత్రం అర్థమైపోయిందనుకుని వదిలేస్తాం, మా పిన్ని చేసింది అదే. కనీసం 'పౌర' అని మార్చుకుని రాస్తే సగం గొడవ తీరేది కదా?

జవాబు 1: మాస్టారూ, ఇది కొత్త రోగం కాదు. సర్వశిక్షా అభియాన్ వచ్చిన కొత్తలో మా స్టాఫ్ రూమ్‌లో "అందరికీ శిక్షేనా, మనకొక్కళ్లకేనా" అని నవ్వుకునేవాళ్లం. అక్కడ శిక్ష అంటే చదువు, ఇక్కడ బెత్తం. మన 'భారత శిక్షాస్మృతి'ని హిందీవాడికి చూపిస్తే ఏదో విద్యాశాఖ పుస్తకం అనుకుంటాడు. 2009 విద్యాహక్కు చట్టానికి మనం పెట్టుకున్న 'నిర్బంధ విద్య' అన్న మాట ఇంకా ఘోరం. పిల్లాణ్ణి బడికి పంపకపోతే పట్టుకెళ్తారా అని నన్నే అడిగారు ఇద్దరు ముగ్గురు తల్లులు. తీరా 8వ సెక్షన్ చదివితే ఆ నిర్బంధం ప్రభుత్వం మీద! పిల్లల్ని చేర్చుకుని, హాజరు చూసుకుని, చదువు పూర్తి చేయించే బాధ్యత వాళ్లది. తల్లిదండ్రులకు పంపే బాధ్యత ఉంది గానీ, పంపకపోతే ఇంత శిక్ష అని అందులో లేదు.

జవాబు 2: తెల్లవాళ్ల పేర్లు తీసేసి మన పేర్లు పెట్టుకుంటే తప్పేంటండీ? శిక్ష కన్నా న్యాయం ముఖ్యమనేగా ఆ శిక్షాస్మృతి (ఐపీసీ) చోట్లో వచ్చిన చట్టాన్ని 'న్యాయ సంహిత' అన్నారు.

మొదటి పోస్టు రాసిన నేనే: పేరు మార్చడం తప్పనలేదండీ. కానీ ఆ న్యాయ సంహిత 358 సెక్షన్లూ తిరగేయండి, ఏ నేరానికి ఎంత శిక్ష అన్నదే ఎక్కువ భాగం, ఉరిశిక్ష కూడా అలాగే ఉంది. సురక్షా సంహితలోనేమో 187వ సెక్షన్ ఉంది. ఇదివరకు పోలీస్ కస్టడీ అంటే రిమాండైన మొదటి 15 రోజుల్లోనే అనేవాళ్లు. ఇప్పుడు ఆ 15 రోజుల్నీ ముక్కలు చేసి, కేసుని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. అది మంచిదా చెడ్డదా అన్నది వకీళ్లు తేల్చుకుంటారు, నా గొడవల్లా దాని మీద సురక్ష అన్న బోర్డు ఉండటమే.

అన్నట్టు బాబాయి వెళ్లొచ్చాడు, ఏం కాలేదు. గుమ్మంలో కానిస్టేబుల్ కాగితం చూసి అడిగిన మొదటి మాట, "41ఏనా పెద్దాయనా? లోపల కూర్చో."