ఉప్పాడ కోత ఆపేది నీళ్లలో కట్టే బ్రేక్‌వాటర్లా, ఒడ్డున పోసే ఇసుకా?

తీరవాసి: తుపాను వచ్చిన ప్రతిసారీ ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు తెగుతోంది. జియో ట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ చిరిగింది, ఒడ్డున పోసిన రాళ్లు కిందికి జారుతున్నాయి. ఒడ్డుకు దాదాపు 200 మీటర్ల అవతల, సమాంతరంగా రాతి బ్రేక్‌వాటర్లు (అలను విరిచే కట్టలు) కట్టాలని కొందరంటున్నారు, ఇసుక పోయడమే దారి అని కొందరు. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

రాతిపని: కట్టాల్సిందేనండి. ఒడ్డున గోడ కడితే అల దానికే కొట్టుకుని, పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది. అల దూరంగానే విరిగితే వెనకాల నీరు నెమ్మదించి, ఇసుక అక్కడే నిలుస్తుంది. రాయి బరువు మాత్రం తప్పకూడదు. 2 మీటర్ల అలకు, 1:2 వాలు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడుగు) మీద, పైపొరలో సుమారు 1.3 టన్నుల రాయి సరిపోతుంది. 3 మీటర్లకు 4.5 టన్నులు కావాలి. అల ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు. దాని కింది పొరకు పై రాయి బరువులో పదోవంతు రాళ్లు, గర్భంలో క్వారీ చిల్లర. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవకపోతే రాళ్లు ఇసుకలోకి దిగబడతాయి, క్రమంగా పైఅంచు కుంగుతుంది. 3 మీటర్ల లోతులో, నీటిపైకి 2 మీటర్లు లేచేలా, 4 మీటర్ల పైవెడల్పుతో 100 మీటర్ల ముక్క ఒక్కటి కట్టడానికే సుమారు 11 వేల టన్నులు. అంటే 20 టన్నుల లారీలు 550.

మొగ దగ్గర: లారీల లెక్క బాగుంది, ఇసుక లెక్క ఏదండీ? నైరుతి కాలంలో మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి తెచ్చే ఇసుకకు పైన ధవళేశ్వరం ఆనకట్ట, ఇతర జలాశయాలు అడ్డం. మొగ దాటి వచ్చినదాంట్లో చాలాభాగం హోప్ ఐలాండ్ తిన్నె చివర చేరుతోంది. ఆ తిన్నె కాకినాడ రేవుకు సహజమైన బ్రేక్‌వాటర్. దాని చాటున రేవు ప్రశాంతంగా ఉంటే, ఉత్తరాన ఉప్పాడ ఆకలితో ఉంది. మీ కట్ట ఇసుకను పుట్టించదు. ఉన్న కాస్తనీ వెనకాల నిలబెట్టి, ఉత్తరాన ఉన్న కోనపాపపేటకు కోత పంపుతుంది. కట్ట పొడవు ఒడ్డుకున్న దూరాన్ని మించితే ఇసుక కట్టదాకా అంటుకుంటుంది. అప్పుడది అడ్డగోడే.

రాతిపని: అందుకే పొడవు దూరం కన్నా తక్కువ ఉంచాలి. 200 మీటర్ల దూరంలో 100 మీటర్ల ముక్కలు, మధ్య ఖాళీలు. ఒడ్డు కొంచెం ముందుకు ఉబ్బుతుంది గానీ కట్టకు అంటుకోదు, ఇసుక కదులుతూనే ఉంటుంది.

వలకట్టు: ఖాళీల సంగతి పడవవాళ్లనే అడగాలండి. ఇరుకు పెడితే వెనకాల పేరుకున్న నీరంతా అక్కడినుంచే జోరుగా బయటికి లాగుతుంది, ఇంజిన్ పడవ లోపలికి మళ్లే చోటే తిరగబడుతుంది. ఒడ్డునుంచి లాగే అలివి వల రాళ్లకు పట్టుకుంటే చిరుగుతుంది. కట్టేముందు ప్రతి పేట వలలు లాగే చోటు గుర్తు పెట్టాలి. నీళ్లలో మునిగి ఉండే కట్ట అయితే బోయా, దీపం తప్పనిసరి.

మొగ దగ్గర: మునిగి ఉండే కట్ట ఇక్కడ నాకు నచ్చదు. పోటుకు మీటరున్నర దాకా నీరు లేస్తుంది, తుపాను ఉప్పెన దానిమీద అదనం. సరిగ్గా అవసరమైన రోజునే కట్టపైన నీరు లోతై అల దాటిపోతుంది. పుదుచ్చేరిలో నీటిలో మునిగిన ఉక్కు రీఫ్ (దిబ్బలాంటి కట్టడం) పెట్టి బీచ్ తిరిగి తెచ్చుకున్నారు నిజమే, అక్కడా ఇసుక పోశారు, ఉత్తరాన ఆ రీఫ్ పెట్టి, దక్షిణాన ఇంకొకటి కూడా ప్రణాళికలో వేసుకున్నారు. ఇక్కడ ఒక్క కట్టతో సరిపెడదామంటే ఒప్పుకోను.

రాతిపని: ఇసుక పోయాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఎక్కణ్ణుంచి తెస్తారు? హోప్ ఐలాండ్ నుంచి తీయకూడదు: కాకినాడకు ఆ అడ్డే పోతుంది, పైగా అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కాకినాడ అఖాతంలో తవ్వేది ఎక్కువ బురద, ఒడ్డున పోస్తే ఒక్క సీజన్లో కొట్టుకుపోతుంది. పోసే ఇసుక మన ఒడ్డు రేణువంత గానీ, అంతకన్నా ముతక గానీ ఉండాలి. నమూనా జల్లెడ పట్టకుండా టెండరు పిలవకూడదు.

మొగ దగ్గర: సరే, వరుస ఇలా పెడదాం. ముందు సర్వే: ప్రతి 100 మీటర్లకు ఒడ్డు నుంచి సముద్రంలోకి ఒక గీత వెంట ఎత్తు, లోతు కొలత, నీటిలో 6 మీటర్ల లోతుదాకా, వర్షాలకు ముందొకటి, తర్వాతొకటి, కోనపాపపేట దాటేదాకా. తర్వాత ఇసుక. ఆపైనే కట్టలు, అదీ ఉత్తరం వైపు ముక్కలు క్రమంగా పొట్టివి చేస్తూ, కోత ఒక్కచోటే పడకుండా. రాళ్లు దింపడానికి బార్జి వాడండి. లారీలకోసం సముద్రంలోకి వేసే తాత్కాలిక రాతి బాట మిగిలిపోతే అదే గ్రోయిన్‌గా (ఒడ్డు నుంచి సముద్రంలోకి పొడుచుకువెళ్లే అడ్డుకట్టగా) మారి ఇసుకను ఆపుతుంది. ఆ బాటను పూర్తిగా తీసేస్తేనే చివరి బిల్లు ఇస్తామని ఒప్పందంలో రాయించాలి.