పాత 697, కమిన్స్ బళ్ళు: థర్మోస్టాట్ వాల్వ్ పీకేయాలా, ఉంచాలా?

చీమకుర్తి_లోడు
పాత టాటా బళ్ళలో, అంటే 697 ఇంజన్‌వి, తర్వాత వచ్చిన 6బీటీ 5.9 లీటర్ల కమిన్స్‌వి, థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది) ఉంచాలా తీసేయాలా అన్నది ఇక్కడ తేలాలి. నా మాట: మన ఎండలకి అది అక్కర్లేదు. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకు ఎత్తుకుని రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం కృష్ణపట్నం దారి పట్టిన బండికి ఇంజన్ త్వరగా వేడెక్కాల్సిన అవసరం ఏముంది? వేడికి ఉబ్బి వాల్వ్‌ని తెరిచే మైనం కారిపోయిందంటే వాల్వ్ మూసుకునే ఉండిపోతుంది. డ్రైవర్ టెంపరేచర్ మీటర్ చూసే లోపే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పొర) పోతుంది, హెడ్ వంగుతుంది. పైగా దొరికేవాటిలో సగం డూప్లికేట్. చల్లగా నడిస్తే యాసిడ్ పట్టి సిలిండర్ బోర్లు తినేస్తుందంటారు. అది గంధకం ఎక్కువున్న డీజిల్ రోజుల మాట. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా 10 పీపీఎం గంధకం (పది లక్షల్లో పది వంతులు) డీజిలే. తీసేస్తే నష్టమేంటో ఎవరైనా కారణంతో చెప్పండి.

ఆటోనగర్_బెంచ్
అన్నా, వాల్వ్ మూసుకుపోతే ఇంజన్ పోతుందన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ పీకేసినా బండి హీట్ కొడుతుంది. ఎందుకో వాల్వ్ చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

దానికి రెండు పళ్ళేలుంటాయి. పైది రేడియేటర్ దారి తెరుస్తుంది. కిందది అదే కదలికతో బైపాస్ దారి మూస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్‌లోంచి వచ్చిన నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా బైపాస్‌లోంచి నేరుగా వాటర్ పంపులోకి దిగుతాయి. 6బీటీలో 83 డిగ్రీల దగ్గర పై పళ్ళెం కదలడం మొదలవుతుంది, 95కి పూర్తిగా తెరుచుకుంటుంది. అప్పటికి కింది పళ్ళెం వెళ్ళి బైపాస్ కన్నం మీద కూర్చుంటుంది.

వాల్వ్ పీకేస్తే రేడియేటర్ దారి తెరిచే ఉంటుంది, బైపాస్ కూడా బార్లా తెరిచే ఉంటుంది. నీళ్ళు ఎటు సులువైతే అటే పోతాయి. రేడియేటర్ ట్యూబుల్లో దూరి దిగడం కంటే వేళ్ళంత దూరంలో ఉన్న పంపులోకి దూకడమే వాటికి సులువు. అందుకే వాల్వ్ లేని బండికి ఖాళీ మీద మీటర్ ముల్లు కిందే పడుకుంటుంది. అదే బండి లోడుతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే మరుగుతుంది. మరిగే నీళ్ళలో కొంత భాగం చల్లారకుండానే మళ్ళీ హెడ్‌లోకి వెళ్తోంది మరి.

పటాన్‌చెరు_టర్బో
బెంచ్ అన్న చెప్పింది కరెక్టే. దీంట్ల ఇంకో మాట గూడ సాఫ్ చేయాలె. నీళ్లు స్పీడ్‌గ తిరిగితే రేడియేటర్ల సల్లారనీకి టైం దొరకదు, గందుకే వాల్వ్ లేకుంటే హీట్ అయితది అని చానామంది చెప్తరు. అది తప్పు. నీళ్లు ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ వేడి బయటికి పోతది. రేడియేటర్ల తక్కువసేపు ఉంటయ్, ఇంజన్ల గూడ తక్కువసేపే ఉంటయ్ కదా. హీట్ అయ్యేది బైపాస్ వల్లనే.

గట్లైతే మందు గూడ దొరికినట్టే. 697ల చానా బండ్లకు థర్మోస్టాట్ హౌసింగ్ కాడికెళ్లి వాటర్ పంపుకు చిన్న బైపాస్ హోస్ బయటనే ఉంటది. దాన్ల ఇనుప గుండు బిళ్ల పెట్టి క్లిప్పు బిగిస్తే నీళ్లన్నీ రేడియేటర్‌కే పోతయ్. వాల్వ్ లేకున్నా ఘాట్ మీద మరగదు. ఎండకాలం మూడు నెలలు ఇట్ల నడిపితే ఏం నష్టం?

ఆటోనగర్_బెంచ్
హీట్ వరకు నష్టం లేదు, ఒప్పుకుంటా. అయితే ఇది బయట హోస్ ఉన్న ఇంజన్‌కే. 6బీటీలో బైపాస్ దారి ఇంజన్ పోతలోనే, వాల్వ్ కింద ఉంటుంది. బయట బిగించడానికి హోస్ ఉండదు. ఆ కన్నంలో ఏదో ఒకటి కొట్టి మూసేవాళ్ళున్నారు. అది ఊడిందంటే వాటర్ పంపు ఇంపెల్లర్‌లోకే (నీళ్ళు తోసే చక్రంలోకే) పోతుంది. కమిన్స్‌కి ఈ పద్ధతి వద్దు.

ఇక చల్లగా నడవడం సంగతి. గంధకం తగ్గింది కాబట్టి యాసిడ్ భయం తగ్గింది, నిజమే. నీరు తగ్గలేదు. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బోరు గోడ చల్లగా ఉంటే అందులో కొంత గోడ మీదే చెమ్మగా దిగి, రింగుల పక్క నుంచి కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి జారుతుంది. ఆయిల్ వేడిగా ఉంటే ఆ తడి ఆవిరై బ్రీదర్ గొట్టంలోంచి బయటికి పోవాలి. ఆయిల్ కూడా చల్లగానే ఉంటే పోదు. ఆయిల్ పోసే మూత తీసి వెనక చూడండి. తెల్లగా మీగడలా అంటుకుని ఉంటే, హెడ్ గాస్కెట్ బాగానే ఉంటే, ఆ బండి చల్లగా నడుస్తున్నట్టే. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. వేడెక్కితేనే పిస్టన్ వ్యాకోచించి సరైన గ్యాప్‌కి వస్తుంది. అంతదాకా బ్యాక్ కంప్రెషన్ (రింగుల పక్క నుంచి గ్యాస్ కిందికి దిగడం) ఎక్కువ, పొద్దున్న తెల్లపొగ ఎక్కువ, డీజిల్ ఖర్చూ ఎక్కువే. మే నెలలో పగటిపూట ఇది పెద్దగా తెలియదు. రాత్రి ఖాళీగా హైవే మీద వచ్చేటప్పుడు, వానాకాలంలో తెలుస్తుంది. మూడు నెలలకని తీసిన వాల్వ్ మళ్ళీ ఎక్కేది ఎన్ని బళ్ళకి?

పంపు_గది
ఒక్క జాగ్రత్త. చాంబర్‌లో ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే వెంటనే వాల్వ్ లేకపోవడం మీదకి నెట్టకండి. ఇంజన్ ఆయిల్‌తోనే తడిసే మైకో ఇన్‌లైన్ డీజిల్ పంపుల్లో ప్లంజర్లు అరిగితే డీజిల్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చిరిగినా అంతే. ఇంజన్ చల్లగా నడవడం వల్ల కలిసే డీజిల్ నెమ్మదిగా పెరుగుతుంది. నాలుగు రోజుల్లోనే ఆయిల్ డిప్‌స్టిక్ గీత దాటి ఎక్కిందంటే ముందు డీజిల్ పంపు, లిఫ్ట్ పంపు, తర్వాత నాజిల్స్ చూడండి. నాజిల్ కారితే ఆ సిలిండర్ బోరు ఒక్కటే కడుక్కుపోతుంది.

హీట్ విషయంలోనూ డీజిల్ పంపు వాటా ఉంది. లోడు లాగట్లేదని డీజిల్ పెంచితే ఘాట్ మీద నల్లపొగ, దాంతోపాటు వేడి. డీజిల్ కొట్టే టైమింగ్ వెనక్కి పడ్డా మంట ఆలస్యంగా మొదలై వేడి ఎగ్జాస్ట్ వైపు పోతుంది. ఈ రెండూ వాల్వ్ తీస్తే తగ్గవు.

చీమకుర్తి_లోడు
సరే, బైపాస్ సంగతి అర్థమైంది. కానీ వాల్వ్ ఉన్న బండి కూడా ఘాట్ మీద హీట్ కొడుతోంది కదా. డ్రైవర్ చేసే మొదటి పని వాల్వ్ పీకడమే, ఎందుకంటే రోడ్డు పక్కన చేయగలిగింది అదొక్కటే. అసలు రోగం ఎక్కడుందో వరసగా చెప్పగలరా?

రేడియేటర్_అంగడి
ముందు మీటర్ నిజం చెప్తోందా చూడండి. లేజర్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ మీద కొలవాలి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. ఇంకో సంగతి: నీళ్ళు తగ్గి సెన్సర్ చుట్టూ గాలి చేరితే ముల్లు కిందికి దిగుతుంది. మరుగుతున్న ఇంజన్ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎక్కువ హెడ్‌లు పోయేది ఇలాగే.

తర్వాత లోడు మీద నడిపి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే రేడియేటర్ పై ట్యాంకు, కింది ట్యాంకు కొలవండి. మామూలుగా 6 నుంచి 10 డిగ్రీల తేడా ఉంటుంది. రెండూ దాదాపు ఒకే వేడిలో మండుతుంటే నీళ్ళు తిరుగుతున్నాయి, గాలి తగలట్లేదు. ఫిన్‌ల మధ్య ఊక, పత్తి, సిమెంటు దుమ్ము. గాలి కొట్టేది ఇంజన్ వైపు నుంచి బయటికి. ముందు నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే షీల్డ్ పగిలిందని తీసి పారేసిన బళ్ళు బోలెడు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి గాలి లాగదు, అక్కడున్న వేడి గాలినే తిప్పుతుంది.

కింది ట్యాంకు పై దానికంటే 20 డిగ్రీలు పైబడి చల్లగా ఉంటే నీళ్ళ ప్రవాహం తగ్గింది. ట్యూబులు పూడాయి, లేదా పంపు ఇంపెల్లర్ అరిగింది. కింది హోస్ కూడా చూడండి. లోపలి స్ప్రింగు లేకపోతే రేజ్ చేసినప్పుడు పంపు లాగుడికి హోస్ చదునుగా నొక్కుకుపోతుంది. బండి నిలబెట్టి రేజ్ చేస్తూ కళ్ళతో చూడొచ్చు.

రేడియేటర్ మూత చిన్నదని వదిలేయకండి. 0.5 బార్ మూత పట్టి ఉంటే నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండి ఒత్తిడి వదిలేస్తే 100కే మరుగుతాయి. అంటే ఘాట్ మీద మీకున్న 11 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే.

హెడ్ గాస్కెట్ అనుమానముంటే ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, నీళ్ళు అంచుదాకా పోసి, వాటర్ పంపు తిరగకుండా ఫ్యాన్ బెల్టు తీసి స్టార్ట్ చేయండి. ఒక నిమిషం చాలు. రేజ్ చేస్తుంటే బుడగలు ఆగకుండా వస్తే గాస్కెట్ పోయింది. బెల్టు లేకుండా అంతకంటే నడపొద్దు.

పటాన్‌చెరు_టర్బో
బోర్ నీళ్ల సంగతి గూడ చెప్పన్నా. నల్గొండ, ప్రకాశం దిక్కు బోర్ నీళ్లు పోస్తే హెడ్ లోపల తెల్లగ ఉప్పు పేరుకుంటది, రేడియేటర్ కొత్తగున్నా బండి హీటే.

రేడియేటర్_అంగడి
అవును, ఆ పేరుకున్న పొర వేడిని బయటికి రానివ్వదు. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే నిమ్మ ఉప్పు లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి, ఇంజన్ వేడి మీద అరగంట నడిపి, వేడి కొంచెం తగ్గాక వదిలేయాలి. తర్వాత చాకలి సోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడగాలి. అల్యూమినియం కోర్‌కి సోడా వద్దు. కడిగేటప్పుడు మాత్రం వాల్వ్ తీసేయండి, ఊడిన పెచ్చులు దాంట్లో ఇరుక్కుంటాయి. పాత కోర్‌లో ఉప్పే కన్నాలు మూసి ఉంచితే కడిగాక కారుతుంది. మరమ్మతుకి సిద్ధపడే మొదలుపెట్టండి.

మళ్ళీ నింపేది బోర్ నీళ్ళు కాదు. బ్యాటరీ వాటర్ మేలు, కుదరకపోతే ఊరి ఆర్వో ప్లాంటు నీళ్ళు. 30 లీటర్లు పట్టే బండికి 10 లీటర్ల చిక్కటి కూలెంట్. మనకి గడ్డకట్టే చలి లేకపోయినా తుప్పు పట్టకుండా అది కావాలి. దారిలో తగ్గిన ప్రతిసారీ ఉత్త నీళ్ళు పోస్తూ పోతే ఆ కూలెంట్ పలచబడిపోతుంది.

చీమకుర్తి_లోడు
కమిన్స్‌కి వాల్వ్ ఉంచాలన్నది ఒప్పుకుంటున్నా. బయట హోస్ ఉన్న 697కి మాత్రం ఏప్రిల్ నుంచి జూన్ దాకా బైపాస్ మూసి వాల్వ్ లేకుండా నడపడమే మేలని ఇప్పటికీ అంటాను. డూప్లికేట్ వాల్వ్ నడిదారిలో మూసుకుపోవడం కంటే కొంచెం చల్లగా నడవడం నయం. మంచి వాల్వ్‌ని గుర్తుపట్టే దారి చెప్తే అప్పుడు ఆలోచిద్దాం.

ఆటోనగర్_బెంచ్
కొన్న వాల్వ్‌ని నేరుగా బిగించకండి. గిన్నెలో నీళ్ళు పోసి, వాల్వ్‌ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీయండి, పక్కనే థర్మామీటర్. నెమ్మదిగా వేడి చేస్తూ కదలడం ఎక్కడ మొదలైందో చూడండి. వాల్వ్ మీద చెక్కిన అంకెకి రెండు డిగ్రీలు అటూ ఇటూ పర్వాలేదు. నీళ్ళు మరిగేసరికి 8 మిల్లీమీటర్లు అయినా లేవాలి. తీసి చల్లారనిస్తే సందు లేకుండా మూసుకోవాలి. ఇదే మూడుసార్లు చేయండి. మొదటిసారి బాగా తెరుచుకుని మూడోసారి బద్ధకించేవి ఉంటాయి, డూప్లికేట్ అక్కడే బయటపడుతుంది. పాతదాన్నీ ఏటా వేసవికి ముందు ఇలాగే చూసుకుంటే నడిదారిలో మూసుకుపోయే భయం చాలావరకు తగ్గుతుంది.

గాలి పోయే చిన్న కన్నం, దాంట్లో ఊగే పిన్ను ఉంటే అది పైవైపుకి ఉండేలా బిగించాలి. కన్నమే లేకపోతే అంచు పళ్ళెంలో 3 మిల్లీమీటర్ల కన్నం ఒక్కటి చాలు. 8 మిల్లీమీటర్ల డ్రిల్లు వేస్తే సగం వాల్వ్ తీసేసినట్టే. నీళ్ళు నెమ్మదిగా పోయండి, మూత తీసే ఉంచి ఐడిల్‌లో పై హోస్ వేడెక్కేదాకా నడిపి, దిగిన మేర మళ్ళీ నింపండి.

అన్నిటికంటే ముందు అంగట్లోనే చేయాల్సింది: పాత వాల్వ్ తీసుకెళ్ళి కొత్తదాని పక్కన పెట్టి, కింది పళ్ళెం ఎంత కిందికి ఉందో స్కేలుతో కొలవండి. అదే అంకె, అదే చుట్టుకొలత ఉండి కింది పళ్ళెం లేని వాల్వ్‌లు, పొట్టిగా ఉన్నవి కూడా అమ్ముతున్నారు. అవి బైపాస్ మూయవు. అలాంటిది బిగించి, వాల్వ్ ఉన్నా బండి హీట్ కొడుతోందంటే తప్పు ఆ ముక్కదే.