ప్వెర్తో ఎస్కొందీదోలో చిన్న హోటల్ తీసుకున్నాం, ఈ వానాకాలం గట్టెక్కేదెలా?

ఉప్పుగాలి:

అందరికీ నమస్కారం. నేనూ మావారూ డల్లాస్ వదిలేసి మెక్సికోలో వహాకా తీరానికి వచ్చేశాం. ప్వెర్తో ఎస్కొందీదోలో, లా పుంత వైపు, 9 గదుల హోటల్ లీజుకు తీసుకుని నడుపుతున్నాం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి సలపలేదు. కెనడా, అమెరికా, యూరప్ వాళ్లు వస్తూనే ఉన్నారు. పొద్దున ఖాళీ అయిన గది సాయంత్రానికి నిండేది.

ఇప్పుడు జూన్. వారం మధ్యలో రెండు గదులు నిండితే సంబరం. మధ్యాహ్నం మబ్బు పడుతుంది, చీకటి పడేసరికి కుండపోత. తువ్వాళ్లు ఆరవు, ఆరినా ముక్కిన వాసన పోదు. పరుపులు ఎత్తి చూస్తే అడుగున బూజు. మాకు ముందు నడిపినాయన నీళ్లు సంపు నుంచి ప్రెషర్ పంపుతో నేరుగా గదులకు ఎక్కించాడు. కరెంటు పోయిందంటే ఒంటి మీద సబ్బుతో ఉన్న గెస్టు పై నుంచి కేకేస్తాడు.

పనివాళ్లు నలుగురు. గదులు చూసే అక్కచెల్లెళ్లు ఇద్దరు, వంటావిడ, రాత్రి కాపలా ఉండే పెద్దాయన. అందరూ మంచివాళ్లే. మొన్న వంటావిడ వాళ్ల ఊరి పండగ అని ముందు రోజు రాత్రి చెప్పి వెళ్లిపోయింది, మళ్లీ వారానికి వచ్చింది. మావారికి చాలా కోపం వచ్చింది. వానాకాలమంతా నలుగురికి జీతాలెక్కడ ఇస్తాం, ఇద్దర్ని మానిపిద్దాం అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు.

అసలు బాధ ఇంకొకటి ఉంది. నా స్పానిష్ గది తాళం చేతికివ్వడానికి సరిపోతుంది గానీ కబుర్లకి చాలదు. పక్కింటావిడ పొద్దున్నే గుమ్మం ముందు నీళ్లు చల్లి ఊడుస్తుంటుంది. ఆవిడతో కాసేపు మాట్లాడాలని ఉంటుంది, నవ్వి ఊరుకుంటాను. గెస్టులు ఉన్నన్నాళ్లూ ఈ వెలితి తెలియలేదు.

ఇదిలా ఉంటే ఓనరు ఈ బిల్డింగు మాకే అమ్ముతానంటున్నాడు. కాగితాలన్నీ పక్కా అంటాడు. తీరం దగ్గర బయటి దేశాల వాళ్లకి భూమి రాయరని విన్నాం. ఇక్కడ ఎన్నాళ్ల నుంచో ఉంటున్నవాళ్లు చెప్పండి, ఎలా నిలబడ్డారు?

కొబ్బరితోట:

అమ్మా, మేం మీకు దగ్గరలోనే, మసూంతే దాటాక ఉంటాం. మాదీ చిన్న హోటలే, మీకంటే రెండు గదులు తక్కువ. ముందుగా మీవారికి చెప్పండి, మనుషుల్ని తీసేయొద్దని. ఇక్కడి కార్మిక చట్టంలో కారణం లేకుండా మానిపిస్తే మూడు నెలల జీతం కట్టాలి, దాని మీద సర్వీసుకి తగ్గ లెక్కలు వేరే. అంతకంటే పెద్ద నష్టం నవంబరులో తెలుస్తుంది. కొత్తగా తెరిచిన ప్రతి హోటలూ గదులు చూసే మనిషి కోసం వెతుకుతుంటుంది. మీ అక్కచెల్లెళ్లని ఒకసారి వదులుకుంటే మళ్లీ దొరకరు.

2023 నుంచి ఏడాది నిండిన పనివాళ్లకి 12 రోజుల జీతంతో సెలవు హక్కు, పైన 25 శాతం అదనం. ఆ సెలవులు సెప్టెంబరుకి పెట్టుకుందామని ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. సెప్టెంబరు అందరికీ ఖాళీయే, మేం ఆ నెల సగం మూసేసి రంగులు వేయించుకుంటాం. ఇకనుంచి తీసుకునేవాళ్లకి సీజన్ వరకే అని కాగితం రాసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ అది పనిలో పెట్టుకున్న రోజే రాసుకోవాలి. డిసెంబరు 20 లోపు ఆగినాల్దో (ఏడాది చివరి బోనసు) ఇవ్వాలి, కనీసం 15 రోజుల జీతం. నెలనెలా దానికని కొంత విడిగా తీసి పెట్టండి. సరిగ్గా సీజన్ మొదలై డబ్బు కనబడే వేళకి వస్తుందది, అప్పుడు తీద్దామంటే ప్రాణం ఒప్పదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మీరు డాలర్ టూరిస్టుల క్యాలెండర్ పట్టుకుని బతుకుతున్నారమ్మా. నవంబరుకి మొదలై ఏప్రిల్‌కి అయిపోయే క్యాలెండర్ అది. ఈ తీరానికి సొంత క్యాలెండర్ ఇంకోటి ఉంది. సెమానా సాంతా, అంటే ఈస్టరు ముందు వారంలో దేశమంతా సముద్రానికి కదులుతుంది. జులై సగం నుంచి ఆగస్టు చివరిదాకా బడులకి సెలవులు. జులై చివర వహాకా నగరంలో గెలగెత్సా ఉత్సవాలు చూసి చాలామంది ఇటే దిగుతారు. 2024 ఫిబ్రవరిలో కొత్త రోడ్డు తెరిచాక వహాకా నుంచి ప్వెర్తోకి మూడు గంటలు చాలు. అంతకుముందు కొండ మలుపుల్లో ఆరేడు గంటలు కడుపులో తిప్పుకుంటూ రావలసి వచ్చేది. శుక్రవారం ఆఫీసు నుంచి లేచి రాత్రి భోజనానికి సముద్రం దగ్గరుండే కుటుంబాలు ఇప్పుడు ఎన్నో.

వాళ్లు బుకింగ్ సైట్లలో మిమ్మల్ని వెతకరు. గురువారం రాత్రి వాట్సాప్‌లో, ఆరుగురం వస్తున్నాం, పిల్లలకి ఒక మంచం వేయగలరా అని అడుగుతారు. వెంటనే జవాబివ్వాలి, పొద్దున చూద్దామనుకుంటే వేరే చోటికి పోతారు. నలుగురు పట్టే గది ఒక్కటైనా ఉంచండి. ఫక్తూరా కావాలంటారు, ఆ ఎలక్ట్రానిక్ బిల్లు ఇవ్వడానికి మీ ఎర్రెఫెసే (పన్ను గుర్తింపు) నంబరు, లెక్కలు చూసే మనిషి సిద్ధంగా ఉండాలి. 16 శాతం ఈవా (అమ్మకం పన్ను), రాష్ట్రం వేసే బస పన్ను ముందే కలిపి ధర చెప్పండి, ఆఖర్లో కలిపితే ముఖం మాడ్చుకుంటారు.

ఇంకో సంగతి. మీ సికతేలా బీచిలో పెద్ద అలలు లేచేది ఈ వానాకాలంలోనే. చేయి తిరిగిన సర్ఫర్లు మామూలు టూరిస్టులు పోయాకే వస్తారు, నెలకి గది అడుగుతారు, రేటు తగ్గించి ఇచ్చేయండి. లా ఎస్కొబీయా బీచికి వేల తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది కూడా ఈ నెలల నుంచే. మీ వాట్సాప్ స్టేటస్‌లో మబ్బు పట్టిన ఖాళీ బీచి బదులు ఇవి పెట్టండి.

వంటావిడ సంగతికొస్తే, ఇక్కడ ఊరి పండగ బాధ్యత కుటుంబాల వంతుల మీద నడుస్తుంది. తన వంతు వచ్చినప్పుడు వెళ్లకపోతే ఆవిడకి ఊళ్లో తల ఎత్తుకునే వీలుండదు. వాళ్ల ఊరి పండగ ఎప్పుడు, తమ వంతు ఎప్పుడు అని నలుగురినీ అడిగి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ల పండగకి, డిసెంబరు 12న గ్వదలూపే మాత పండగకి ఎవరూ పనిలో ఉండాలనుకోరు. అప్పుడు వాళ్ల బదులు ఎవరొస్తారో వాళ్లనే చెప్పమనండి. చెల్లెల్నో మేనకోడల్నో తెచ్చిపెట్టి మరీ వెళ్తారు. మా దగ్గర అలాగే నడుస్తోంది. వచ్చేసారి ఆవిడ పిలిస్తే మీరిద్దరూ ఆ పండగకి వెళ్లండి.

తుపాన్ల గురించి మాత్రం భయం ఉంచుకోండి. పసిఫిక్ వైపు సీజన్ మే 15న మొదలవుతుంది. 2022లో అగాతా మే 30నే మా పక్కన ప్వెర్తో ఆంహెల్ దగ్గర తీరం దాటింది. 2023 అక్టోబరులో అకపుల్కోని కొట్టిన ఓతిస్ ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి 5వ కేటగిరీకి, అంటే అన్నిటికంటే తీవ్రమైన స్థాయికి పెరిగింది. అంచేత హెచ్చరిక వచ్చాక చూద్దాం అనే మాట ఇక్కడ కుదరదు. కిటికీలకి కొట్టే చెక్కలు నంబర్లు వేసి ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

మహావాల్ వాసి:

మేం అటు కరీబియన్ పక్కన, కింతానా రో రాష్ట్రంలో ఉంటాం. మా బాధ వేరు. వేసవిలో సర్గాసో నాచు ఒడ్డంతా పేరుకుపోయి కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, పొద్దున్నే దంతెలు పట్టుకుని ఎత్తాలి. మీకు అది లేదు, సంతోషించండి.

మీరు రాసిన ఒంటరితనం గురించి చెప్తాను, అది నేనూ పడ్డాను. క్లాసులు, యాప్‌లు నాకు పెద్దగా అక్కరకు రాలేదు. రోజూ ఒకే తోర్తియాల (మొక్కజొన్న రొట్టెల) మిషను దగ్గరికి, ఒకే వేళకి వెళ్లడం మొదలుపెట్టాను. హోటల్‌కి ఎలాగూ కిలోల్లో కావాలి. క్యూలో నిలబడేటప్పుడు ముందు అందరికీ కలిపి బ్వెనోస్ దీయాస్ (శుభోదయం) చెప్పాలి, చెప్పకుండా నిలబడితే పొగరనుకుంటారు. తెచ్చుకున్న గుడ్డలో వేడి తోర్తియాలు చుడుతూ అక్కడ అమ్మే ఆవిడ ఏదో ఒకటి అడుగుతుంది. ఎంతమంది గెస్టులు, మీవారెలా ఉన్నారు, వాన ఎంత పడింది. అవే నాలుగు ప్రశ్నలు రోజూ. ఐదో ప్రశ్న వచ్చేసరికి జవాబు దానంతటదే నోట్లోంచి వచ్చింది. మీ పక్కింటావిడ ఊడ్చే వేళకి మీరూ చీపురు పట్టుకుని మీ గుమ్మంలోకి రండి. ఇక్కడ ఎవరి గుమ్మం వాళ్లు శుభ్రం చేసుకోవడం గౌరవం, పనివాళ్ల చేత చేయించినదానికంటే మీరు చేస్తే ఆవిడే పలకరిస్తుంది.

అన్నట్టు, మార్కెట్లో ఎండబెట్టి అమ్మే ఎర్ర జమైకా మన ఎర్ర గోంగూర కాయల తొక్కే. పండించే రైతు దొరికితే ఆకు అడగండి. చింతపండు ఎలాగూ ప్రతి కొట్లో ఉంటుంది.

గట్టుమీది మనిషి:

భూమి మాట ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు, సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు విదేశీయుల పేర నేరుగా భూమి రాయరు. దారులు రెండున్నాయి. ఇల్లయితే బ్యాంకు పేర ఫిదెయికొమీసొ ట్రస్టు, 50 ఏళ్లకి, తర్వాత పొడిగించుకోవచ్చు. హోటల్ లాంటి వ్యాపారమైతే మీరు మెక్సికన్ కంపెనీ పెట్టి ఆ కంపెనీ పేర కొనొచ్చు.

అయితే అంతకంటే ముందు తేల్చుకోవలసింది అది ఎలాంటి భూమి అని. ఈ తీరంలో చాలాచోట్ల భూమి ఎహీదోది (ప్రభుత్వం రైతుల సంఘానికి ఇచ్చినది), లేదా ఊరి ఉమ్మడిది. అలాంటి చోట మీకు చూపించే కాగితం హక్కులు వదులుకుంటున్నాననే ఒప్పందం మాత్రమే, దాంతో మీకు యాజమాన్యం రాదు. మీ ఓనరు పక్కా అంటున్నాడు కదా, రిజిస్టరైన ఎస్క్రితూరా (యాజమాన్య దస్తావేజు) చూపించమనండి. అది పట్టుకుని మీరే ఎంచుకున్న నొతారియో (ఆస్తి దస్తావేజులు రాసే ప్రభుత్వ గుర్తింపు ఉన్న లాయరు) దగ్గరికి వెళ్లండి, ఓనరు చెప్పిన వాడి దగ్గరికి వద్దు. ఆస్తుల రిజిస్ట్రీ నుంచి అప్పులు, తగాదాలు లేవనే సర్టిఫికెట్ తెప్పిస్తారు. అది చేతికొచ్చేదాకా ఒక్క పెసో అడ్వాన్సు ఇవ్వొద్దు. బిల్డింగు నీళ్లకి దగ్గరగా ఉంటే ఒడ్డున 20 మీటర్లు కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ బల్లలు వేసుకోవాలన్నా పర్మిట్ కావాలి.

ఇంకొకటి. మీ ఇద్దరి రెసిడెన్సీ కార్డుల్లో పని చేసుకునే అనుమతి ఉందా? ఆదాయం చూపించి తీసుకున్న తాత్కాలిక కార్డుతో ఇక్కడ సంపాదించకూడదు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో విడిగా అనుమతి తీసుకోవాలి. ఇంకో ఏడాది లీజులోనే ఉండి, నాలుగు కాలాలూ చూశాక కొనడం సంగతి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ఉప్పుగాలి:

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ చేతులెత్తి దండం. మీ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను. మనుషుల్ని తీసే మాట పక్కన పెట్టారు. పొద్దున నలుగురినీ కూర్చోబెట్టి పండగల తేదీలు రాయించుకున్నాం. మా కాపలా పెద్దాయన పుట్టిన ఊరి పండగ ఆగస్టులోనట, ఇన్నాళ్లూ అడగడానికి మొహమాటపడి వెళ్లలేదట. ఈసారి పంపిస్తున్నాం. కార్డుల్లో అనుమతి ఉంది. ఎస్క్రితూరా అడిగితే ఓనరు వచ్చే వారం అన్నాడు, చూడాలి.

కొబ్బరితోట గారూ, నీళ్ల గురించి మాత్రం మీరు చెప్పలేదు. 9 గదులకి పైన ఎన్ని ట్యాంకులు పెట్టాలి?

కొబ్బరితోట:

1,100 లీటర్ల తినాకోలు (మేడ మీది నీళ్ల ట్యాంకులు) మూడు పెట్టండమ్మా, పంపు వాటిని నింపితే చాలు, గదులకి నీళ్లు పై నుంచి వాటంతటవే దిగుతాయి. పై షవర్లలో ధార కొంచెం తగ్గుతుంది, కాబట్టి ట్యాంకుల కింద రెండడుగుల దిమ్మ కట్టించండి. నిండితే ఒక్కొక్కటీ టన్ను పైనే బరువు, అందుకే శ్లాబు మధ్యలో పెట్టకుండా గోడల మీదికి వచ్చేలా మేస్త్రీతో చూపించుకోండి. తుపాను హెచ్చరిక వినగానే మూడూ నింపేయండి. ఖాళీ ట్యాంకుని గాలి ఎత్తుకుపోతుంది, నిండిన ట్యాంకు కదలదు, కరెంటు వచ్చేదాకా ఆ నీళ్లే గతి.