అప్‌డేట్: 15 మి.మీ. రాగి పైపు వంపు దగ్గర నొక్కుకుపోవడం – పరిష్కారమైంది

సోలార్ హీటర్ కోసం రాగి పైపును చేత్తో నాలుగు అంగుళాల వ్యాసార్ధంలో వంచుతుంటే లోపలి వైపు నొక్కుకుపోతోందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పైపును పరిశీలించిన ఏసీ మెకానిక్ చెప్పినదేమిటంటే, ఇది చుట్టగా అమ్మే మెత్తని రకం కాదు, నిటారు ముక్కలుగా వచ్చే గట్టి రకం. అందువల్ల మీలో ఒకరు సూచించినట్లు, వంచవలసిన భాగాన్ని గ్యాస్ టార్చ్‌తో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, నీళ్లలో చల్లార్చి (ఉక్కు అయితే ఇలా చల్లార్చితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తగానే ఉంటుంది), నొక్కుకుపోకుండా లోపల సరిపోయే స్ప్రింగ్ దూర్చి, మోకాలికి ఆనించి నిదానంగా వంచగా వంపు నున్నగా వచ్చింది. కావలసినదానికంటే కాస్త ఎక్కువ వంచి వెనక్కి తెస్తే స్ప్రింగ్ వదులై, మెలితిప్పి లాగగానే బయటికి వస్తుంది. లోతుగా పోయేటట్లయితే దాని కొనకు ముందే తాడు కట్టాలి. వంచేకొద్దీ రాగి మళ్లీ గట్టిపడుతుంది కనుక, అదే చోట వంపు సవరించాలంటే మరోసారి కాల్చక తప్పదు.

స్ప్రింగ్‌కు బదులు పైపులో ఇసుక నింపి వంచే పద్ధతి అవసరం రాలేదు. తాగే నీరు పారే పైపులో ఇసుక మిగలకుండా కడగడం కంటే స్ప్రింగే నయమని నా అభిప్రాయం. పైపు గోడ మందం గురించి ఇదివరకు సాగిన చర్చకు ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది.